నా చెయ్యి తాకిన ట్రాక్టర్

మా ట్రాక్టర్ నా చెయ్యి తాకడం వల్లే ఆగిపోయిందని మా ఇంట్లోవాళ్లే అన్నారు. అన్నది మా తోటికోడలు. విని నోరు మూసుకున్నది మా మరిది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. మహిళా సంఘంలో అందరిముందు వేలికి సిరా పూయించుకోవడం నచ్చక పట్టుబట్టి నేర్చుకున్నాను. సంతకం దాటి నాలుగు వాక్యాలు రాయడం వచ్చాక మొట్టమొదట రాయాలనిపించింది ఈ ట్రాక్టర్ సంగతే.

మాది చొప్పదండి దగ్గర పల్లె. కాలువ కింద పొలం, రెండు పంటలూ వరే. మా ఇంటాయన ఆ ట్రాక్టర్‌ను కొన్ననాటికే అది పాతది. రంగు వెలిసిపోయి, సీటు చిరిగిపోయి ఉండేది. దానికి ఏ జబ్బు వచ్చినా ఆయనే బాగుచేసేవాడు. నేను పక్కన కూర్చుని పానాలు అందించేదాన్ని. “పదమూడియ్యి” అంటే పదమూడు, “పందొమ్మిదియ్యి” అంటే పందొమ్మిది. అ, ఆలు రాని రోజుల్లోనే పానాల మీద అంకెలు నాకు వచ్చు. ఫిల్టర్ విప్పి కడగడం, డీజిల్ పైపులో గాలి చేరితే తీయడం, అన్నీ అట్లా చూస్తూ నేర్చుకున్నవే. పొలం దున్నేటప్పుడు ఆయన గట్టు మీద అన్నం తింటుంటే నేను స్టీరింగ్ పట్టేదాన్ని. రోడ్డు మీదికి మాత్రం వద్దనేవాడు. పోలీసులకు భయపడి కాదు, ఊరి నోళ్లకు భయపడి.

ఆయన గుండె ఆగి పోయాడు. ఏడాది తిరిగేసరికి నేను ట్రాక్టర్‌ను రోడ్డెక్కించాను. ఇంకేం చేయాలి? పొలం ఉంది, రెండు బర్రెలున్నాయి. పాలు పోస్తేనే ఇల్లు నడుస్తుంది. ఊళ్లో కొందరు చూసి నవ్వారు, కొందరు తల తిప్పుకున్నారు. నేను ఎవరినీ పట్టించుకోలేదు.

ఆ దసరాకు మరిది ట్రాక్టర్‌ను కడిగించి వాకిట్లో నిలబెట్టాడు. నేను పసుపు గిన్నె తీసుకుని బయటికి వచ్చాను. తోటికోడలు నా చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకుంది.

“నువ్వు జర పక్కకు జరుగు అక్కా. నేను పెడత. పండుగ పూట ఎందుకు మల్ల.”

ఎందుకో ఆమె చెప్పలేదు. నాకు తెలుసు, ఆమెకు తెలుసు, మరిదికీ తెలుసు. మొగుడు పోయినదాని చెయ్యి పూజకు పనికిరాదు. పేడ తీయడానికి పనికొస్తుంది, పాలు పిండడానికి పనికొస్తుంది, ఎండలో స్టీరింగ్ తిప్పడానికి పనికొస్తుంది. ఇనుప బండికి బొట్టు పెట్టడానికి పనికిరాదు. నేను బర్రెల కొట్టం గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.

మా ఇంటాయన ఉన్నప్పుడు బోనెట్ మీద మూడు బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. అంతే. తోటికోడలు పద్ధతి వేరు. గడపకు పూసినట్టు పసుపులో నూనె కలిపి తెచ్చింది. అన్నిటికంటే ముందు డీజిల్ ట్యాంకు మూతకు దట్టంగా పూసింది. “బండి తినేది గిక్కడనే గదా. నోటికే ముందు పెట్టాలె” అంది. ఆమె పుట్టింట్లో అట్లాగే చేస్తారట. ఉగాదికి మళ్లీ ఒక పూత పూసింది. పూజ పసుపును తుడవకూడదు కాబట్టి ఎవరూ తుడవలేదు. దాని మీద దుమ్ము పడింది, డీజిల్ చింది పడింది, మళ్లీ దుమ్ము పడింది.

ఉగాది దాటాక బండి మొరాయించడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర ఒక్క తిప్పుకే పలికేది. కాలువ కట్ట దాకా బాగానే పోయేది. అక్కడ దమ్ము పట్టినట్టు దగ్గి ఆగిపోయేది. కాసేపు ఊరుకుంటే మళ్లీ నడిచేది. మరిది చొప్పదండి నుంచి మిస్త్రీని పిలిపించాడు. ఆయన మంచి పనివాడే. ఆయన తండ్రి నాటి నుంచి మా ఊరి ట్రాక్టర్లన్నీ వాళ్ల షెడ్డుకే పోతాయి. కానీ వచ్చినప్పటి నుంచి నా వైపు ఒక్కసారి చూస్తే ఒట్టు.

“కాలువ దాక మంచిగనే పోతది. ఆగినంక జర సేపు ఉంటే మల్ల నడుస్తది” అని చెప్పాను.

ఆయన మరిదితో అన్నాడు, “ఫికర్ చెయ్యకు పటేలా. ఫిల్టర్ జామైంది.”

ఫిల్టర్ మార్చాడు. డీజిల్ పోశాడు. బండి నడిచింది. ఆయన వెళ్లిపోయాక కాలువ దగ్గర ఆగింది. మళ్లీ వచ్చాడు. పైపులు విప్పి ఊదాడు. నడిచింది. మళ్లీ ఆగింది. మూడోసారి తల గోక్కున్నాడు.

“పంపే పోయింది. కరీంనగర్ తీస్కపోవాలె. ఇంత పాత బండికి గంత ఖర్చు దండుగ పటేలా.”

“నడిపేది నేను. నాకు చెప్పు” అన్నాను.

“అమ్మకు తెల్వది, పరేషాన్ అయితుంది” అని మరిదికే చెప్పాడు.

నడిపేది నేను, బండి నా పేరు మీద ఉంది, జవాబు మాత్రం మా మరిదికి! అక్కడే పానా తీసి నేల మీద కొట్టాలనిపించింది.

ఆరోజు సాయంత్రం పక్కనే ఉన్న వాళ్లింట్లో చాయ్ తాగుతూ మరిది అన్నాడు, “వదినె, లక్సెట్టిపేట పాత ఇనుము కొనేటాయనకు చెప్పిన. నాలుగు రోజులైనంక వచ్చి చూస్తడు. గది ఇంక నడువది.”

“ఎవల బండిని ఎవలు అమ్ముతుండ్రు?”

“నీ మంచికే చెప్తున్న. ఆడమనిషివి, గా బండితోని ఎన్ని రోజులు గుద్దులాడుతవ్?”

అప్పుడు పొయ్యి దగ్గర నుంచి తోటికోడలు ఆ మాట అంది. పెద్దగా కాదు, నాకు వినబడేంత.

“బావ ఉన్నన్ని రోజులు ఒక్కనాడు ఆగలే. ఏ చెయ్యి తాకినంక ఆగుతుందో ఎవలకు తెల్వది?”

మరిది చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నేను గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చాను.

అప్పటికి కోత మిషన్ వచ్చిపోయింది. వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్పపోశాం. గడ్డి పొలంలోనే చాళ్లు చాళ్లుగా పడి ఉంది. ఏడాదంతా బర్రెలు తినాల్సింది అదే. ఆ రోజుల్లో మా దిక్కు చెడగొట్టు వానలు పడతాయి, ఒక్కోసారి రాళ్లు కూడా. తడిసిన గడ్డి నల్లబడి బూజు పడుతుంది, బర్రె మూతి కూడా పెట్టదు. కిరాయికి అడుగుదామంటే ఊళ్లో ట్రాక్టర్లన్నీ వడ్లు మోస్తున్నాయి. పక్క పొలాలవాళ్లు గడ్డికి నిప్పు పెట్టి చేతులు దులుపుకున్నారు. బర్రెలు లేనివాళ్లకు ఏం బాధ? పడమటి దిక్కు రోజూ మధ్యాహ్నానికి మబ్బు పట్టేది. బండి నడవకపోతే గడ్డి పోతుంది. గడ్డి పోతే బర్రెల్ని అమ్మాలి. బండి ఇనుము కిందికి, బర్రెలు సంతకు. ఇక నేను మరిది పంచన కూర్చోవడమే మిగులుతుంది. నాకు ఆ లెక్క అర్థమైంది. వాళ్లకూ అర్థమయ్యే ఉంటుంది.

పొద్దున్నే పానాల డబ్బా తీసుకుని ట్రాక్టర్ దగ్గరికి పోయాను. ఫిల్టర్ గిన్నె విప్పి చూశాను, శుభ్రంగా ఉంది. గాలి బోల్టు వదులు చేసి చేతి పంపు కొట్టాను. బుడగలు లేకుండా డీజిల్ వచ్చేదాకా కొట్టి బిగించాను. మిస్త్రీ చేసిన పనిలో తప్పేమీ లేదు. స్టార్ట్ చేసి బయలుదేరాను. కాలువ కట్ట దగ్గర, ఎప్పుడూ ఆగే చోటే, దగ్గి ఆగింది.

దిగి ఎప్పటిలా కట్ట మీద కూర్చోకుండా, డీజిల్ ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పాను. మూత రాలేదు. లోపలి నుంచి ఎవరో పట్టి గుంజుతున్నట్టుంది. కొంగు చుట్టి బలంగా తిప్పితే సుయ్‌మని చప్పుడు చేస్తూ వచ్చింది. డీజిల్ సగం దాకా ఉంది. మూత పెట్టి తాళం తిప్పాను. పలికింది. మలుపు దాటి మైసమ్మ గద్దె దాకా పోయి మళ్లీ ఆగింది. మళ్లీ మూత తీశాను. మళ్లీ సుయ్‌మంది. మళ్లీ నడిచింది.

నాకు వంటింట్లో నూనె డబ్బా గుర్తుకొచ్చింది. డబ్బాకు ఒక పక్కే చిల్లు పెడితే నూనె గుటకలు గుటకలుగా పడి ఆగిపోతుంది. ఎదురుగా ఇంకో చిల్లు పెడితేనే ధార కడుతుంది. లోపలికి గాలి పోకపోతే బయటికి నూనె రాదు. మరి ఈ ట్యాంకుకు గాలి ఎక్కడి నుంచి పోతుంది?

మూతను తిరగేసి చూశాను. లోపలి వైపు నడిమధ్యలో సన్నటి చిల్లు కనబడింది. పై వైపు చూస్తే చిల్లే లేదు. పసుపు ఉంది. రెండు పండుగల పసుపు, నూనె, దుమ్ము కలిసి గచ్చులా గట్టిపడి ఉంది. రవికె పిన్నీసు తీసి గీరాను. పెచ్చులు పెచ్చులుగా ఊడి అరచేతిలో పడింది. మూతను కళ్ల దగ్గర పెట్టుకుంటే చిల్లులోంచి ఆకాశం కనబడింది.

మిస్త్రీ వచ్చిన ప్రతిసారీ డీజిల్ పోయడానికో, చూడడానికో మూత తీసేవాడు. తీసినప్పుడు గాలి పోయేది, బండి నడిచేది. తను చేసిన పని వల్లే నడిచిందనుకునేవాడు. ఇంతేనా అనిపించింది. ఇంత పెచ్చు కోసమా నన్ను అన్ని మాటలన్నది?

కాలువ దాటి, మైసమ్మ గద్దె దాటి, పెద్ద రోడ్డు దాకా పోయి తిరిగొచ్చాను. ఎక్కడా ఆగలేదు. నేరుగా మరిది వాకిట్లోకి తీసుకుపోయి, ఇంజన్ ఆపకుండానే దిగాను. వాళ్లిద్దరూ బయటికి వచ్చారు. పెచ్చుల్ని మరిది అరచేతిలో పోశాను.

“ఏందిది వదినె?”

“పసుపు. బండి నోటికి పెట్టిండ్రు గదా, ఊపిరాడలే దానికి.”

తోటికోడలు ముఖం మాడింది. “పసుపు పెడితే బండి చెడుతదా అక్కా? గట్ల అనకు, పాపం తాకుతది.”

“నా చెయ్యి తాకితే చెడుతదన్నప్పుడు తాకలేదా గా పాపం?”

ఆమె లోపలికి పోయింది. మరిదికి నమ్మబుద్ధి కాలేదు. మిస్త్రీకి ఫోన్ చేసి, నాకు కూడా వినబడేట్టు పెట్టాడు.

“అరె, గదా సంగతి!” అన్నాడు మిస్త్రీ. “బండంత తుడిచిన గని పసుపు పెట్టిన జాగ నేనెట్ల ముట్టుకుంట పటేలా? మీ పూజ ఖరాబైతదని గుడ్డ అడ్డం పెట్టి మూత తీసిన.”

ఆయన మీద నాకు ఆ విషయంలో కోపం రాలేదు. తనది కాని మతం పూజకు అంత మర్యాద ఇచ్చినవాడు, బండి నడిపే మనిషికి అందులో ఒక ముక్క ఇచ్చి ఉంటే చాలు కదా అనిపించింది. ఆ మాటే ఫోన్లో అన్నాను.

“నా మాట ఒక్కసారి వింటే నీకు మూడుసార్లు వచ్చే పని తప్పుతుండె.”

“నిజమే అమ్మా” అన్నాడు. నవ్వి, “ఇగ నన్ను పిలువరు మీరు” అన్నాడు.

“పిలుస్త. మాట్లాడేది నాతోని అయితేనే.”

ఆ పూటే ట్రాలీ తగిలించి గడ్డి ఎత్తడం మొదలుపెట్టాం. ఇద్దరు కూలీ ఆడవాళ్లు ఎత్తి వేస్తుంటే నేను మోసి తెచ్చి, కొట్టం వెనక గడ్డివాము పెట్టించాను. మరిది తర్వాత వచ్చి చెప్పకుండానే వాము ఎక్కి తొక్కాడు. నేను వద్దనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. కాలువ అవతలి మడి ఒక్కటి మిగిలి ఉండగా వాన కొట్టింది. ఆ మడి గడ్డి నల్లబడింది. మిగతాదంతా వాము చేరింది. బర్రెలకు ఏడాదికి సరిపోయింది.

పాత ఇనుము ఆయన చెప్పినట్టే వచ్చాడు. నేను ట్రాక్టర్ మీద ఉన్నాను. ఆయన మరిది కోసం అటూ ఇటూ చూశాడు.

“బండి చూడనీకె వచ్చిన. మగవాళ్లు లేరా?”

“చూసినవ్ గదా. నడుస్తుంది. పక్కకు జరుగు” అన్నాను.

మళ్లీ దసరా వచ్చింది. నేనే ట్రాక్టర్ కడిగాను. తోటికోడలు పసుపు గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడింది. నేను చెయ్యి చాపాను. ఆమె మరిది వైపు చూసింది. మరిది మెడ గోక్కుంటూ నేల చూశాడు. నేను చెయ్యి వెనక్కి తీయలేదు. కాసేపటికి గిన్నె నా చేతిలోకి వచ్చింది. మా ఇంటాయన పెట్టినట్టే బోనెట్ మీద మూడు బొట్లు పెట్టాను. ట్యాంకు మూతను మాత్రం డీజిల్ గుడ్డతో తుడిచి, చిల్లు కనబడుతోందో లేదో చూసి వదిలేశాను.

ఊళ్లో ఇప్పుడు అందరూ ఆ పాత బండిని మెచ్చుకుంటారు. గట్టి ఇనుమంటారు. ఆ కాలం ఇంజన్ అంటారు. దేవుడి దయ అంటుంది తోటికోడలు. నా చెయ్యి తాకడం వల్లే నడుస్తోందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అనలేదు.