డైనమో వేసిన సైకిలు

పొద్దున మా ఇంటి ముందు వాలులో పాలాయన సైకిలు బ్రేకు గట్టిగా నొక్కాడు. కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కర్నూలు జిల్లా కోసిగి దగ్గర మా ఊరి బడి, తొమ్మిదో తరగతి గదిలో బోర్లా పెట్టిన ఒక సైకిలు, దాని పక్కన మౌలాలి సారు కళ్ల ముందు మెదిలారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఆయన మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు. మంచి మనిషే గానీ, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

ఆ రోజు పెడలు తిప్పే పని నాకు పడింది. చక్రం జోరందుకోగానే సారు బ్రేకు నొక్కారు.

"ఇంతసేపు తిరిగిన శక్తి ఏమైపాయ?"

"అయిపాయ సార్," అన్నాం అందరం.

ఆ మాట ఆయనకు అసలు గిట్టదు. "అయిపాయ అనొద్దండి. యాడికి పోయిందో చూడండి," అని కసిరి, మా వేళ్లను బ్రేకు రబ్బరుకు తాకించారు. వెచ్చగా ఉంది. తర్వాత డైనమోను చక్రానికి ఆనించి మళ్లీ తిప్పమన్నారు. లైటు వెలిగింది, కానీ పెడలు బరువెక్కింది.

"వెలుగు ఊరికే రాలేదు పాపా. నీ చెయ్యి నొస్తాండాది గదా, ఆడి నుంచి వచ్చింది. చేతికేమో పొద్దున తిన్న జొన్నరొట్టె నుంచి వచ్చింది."

శక్తి కొత్తగా పుట్టదు, నశించదు, రూపం మాత్రమే మార్చుకుంటుందన్న సూత్రాన్ని ఆ తర్వాతే బోర్డు మీద రాశారు.

మరుసటి ఏడు, నేను పదో తరగతిలో ఉండగా, చేలు ఎండిపోయాయి. ఊళ్లో సగం మంది సుగ్గికని పరాయి జిల్లాల్లో కూలి పనులకు తరలిపోయారు. అమ్మ ముసలి అవ్వను చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయింది. నాయన, ఈరమ్మక్క, నేను గుంటూరు వైపు మిరపకోతకు వెళ్లాం. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఇక నా చదువు ముగిసినట్టేనని మనసులో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మౌలాలి సారు చేను గట్టు మీద ప్రత్యక్షమయ్యారు. నాకు సిగ్గూ సంతోషమూ రెండూ ముంచుకొచ్చాయి.

"ఈ పాప చదువు ఇంక అయిపాయ అంటాండారప్పా బళ్లో," అన్నారు నాయనతో. "యాడికి పోయిందో చూద్దామని వచ్చినా."

"దీన్ని పంపిస్తే దీని సాళ్లు ఎవరు కోస్తారు సారూ? ముగ్గురం కోస్తేనే గదా కడుపు నిండేది."

ఎప్పుడూ జవాబుకు తడుముకోని సారు తల దించుకున్నారు. "నిజమేనప్పా. ఊరికే జరిగే పని కాదు," అన్నారు మెల్లగా.

అక్క కోత ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. "దాని సాళ్లు గూడా నేను కోస్తాలే నాయనా. పోనీ దాన్ని."

నాయన కాయల కుప్ప వైపు చూసి, సరేనని తల ఊపాడు.

తిరుగు రైల్లో సారు ఒకటే మాట అన్నారు. "నువ్వు పాసైతే నన్ను తలుచుకోకున్నా పర్వాలేదు. పెడలు ఎవరు తిప్పుతాండారో మర్చిపోవద్దు."

పాసయ్యాను. కర్నూలులో చదివి, ఇక్కడే ఒక సబ్‌స్టేషన్‌లో ఇంజనీరుగా చేరాను. సారు ఇప్పుడు లేరు. లెక్కలో ఎక్కడైనా కరెంటు తగ్గితే, 'అయిపోయింది' అనే మాట నా నోటికి ఇప్పటికీ రాదు.

ఈరమ్మక్క అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంది. గదిలో లైటు వేసి, "ఎంత బాగ చదువుకుంటివే," అని మురిసిపోతుంది. మిరప ఘాటుకు చర్మం ఊడి ఊడి మొద్దుబారిన ఆమె వేళ్లను చేతిలోకి తీసుకుంటాను. వెచ్చగా ఉంటాయి.