బోసిగా ఉన్న గుండ్రాలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నాకు జీతం తక్కువ, గర్వం ఎక్కువ. పెనుకొండలో ఒంటిగది ల్యాబు, దానికో ఫ్యాను, ఆ ఫ్యాను కింద ఇద్దరం. హిందూపురం నుంచి బస్సులో వచ్చే నేను, ధర్మవరం నుంచి రైల్లో వచ్చే పట్టుచెయ్యి. (ఆ పేరు నేను పెట్టిందే. మగ్గాల ఇంటి పిల్ల కదా అని వెటకారానికి పెడితే, అందరూ మెచ్చుకోలుగా పిలవసాగారు.) ఊళ్లు తిరిగి, పిల్లల వేలు గుచ్చి, మందపాటి కార్డు మీద అచ్చేసిన నాలుగు గుండ్రాల్లో రక్తపు చుక్కలు నింపి, నీడన ఆరబెట్టి తేవడం మా పని. తట్టును తట్టుకునే శక్తి ఏ బిడ్డకుందో ఆ ఎండిన చుక్కలే చెప్పేవి. కరెంటు నిలవని పల్లెలకు అంతకంటే మంచి ఉపాయం లేదు. ఆమె గుచ్చితే పిల్లలు నవ్వేవాళ్లు, నేను సంచి దించితే చాలు ఏడ్చేవాళ్లు. ఆమె కార్డుల్లో నాలుగు గుండ్రాలూ నిండేవి, నా కార్డుల్లో రెండు నిండితే గొప్ప. ఎవరి కార్డులు బాగుంటే వాళ్లను బెంగళూరు శిక్షణకు పంపుతానని పెద్దసారు అన్నప్పటి నుంచి కుళ్లుతో నాకు అన్నం సయించలేదు.

ఆ కుళ్లుతోనే రొళ్ల దగ్గర ఒక పల్లెకు ఒంటరిగా పోయాను. "సూదులూ వద్దు, ఏమీ వద్దు, పోప్పా" అన్నారు తల్లులు. ఆ పక్క తట్టును తట్టు అనరు, అమ్మవారు అంటారు. నాకు తెలివి పుట్టింది. "మీ బిడ్డకు అమ్మవారు వచ్చిపోయిందో లేదో ఈ కార్డులో తెలుస్తాదమ్మా" అన్నాను. అంతే, వీధి వీధంతా పిల్లల్ని ఎత్తుకొని వరసకట్టింది. ఇరవై కార్డులు! ఒక అవ్వ ఇంటి పంచలో వాటిని ఆరబెట్టి, ఆమె పెట్టిన సంగటి తిని, మహారాజులా కునుకు తీశాను.

లేచి చూస్తే కార్డులన్నిటికీ అంచున పసుపు, ఖాళీ గుండ్రాల్లో కుంకుమ, పైన వేపరెబ్బ.

"అవ్వా, ఏం జేస్తివి?"

"రెండేసి గుండ్రాలు బోసిగా ఉండాయి కదప్పా, బొట్టు పెడితి. బోసి మొగంతో అమ్మను యాడికైనా పంపుతారా?"

ల్యాబులో ఆ కుంకుమను ఊదుతుంటే పట్టుచెయ్యి చూసేసింది. నవ్వలేదు. (నవ్వి ఉంటే నాకు హాయిగా ఉండేది.) "ఇవి పనికిరావన్నా. రేపు ఇద్దరం పోదాం" అంది. మర్నాడు ఒక్కో బిడ్డ వేలిని రెండు అరచేతుల మధ్య కాసేపు పెట్టుకుని, ఆ తర్వాతే గుచ్చింది. "చెయ్యి చల్లగుంటే పోగు తెగుతాదని మా నాయన అనేవాడు. బిడ్డ వేలూ అంతే కదన్నా." ఒక్కరూ ఏడవలేదు. "ఈ పాప చేతిలోనే ఉండాది అమ్మ" అంది అవ్వ, నన్ను పక్కకు నెట్టి. ఇరవై కార్డుల్లోనూ గుండ్రాలన్నీ నిండాయి. వాటి మీద పట్టుచెయ్యి నా పేరు రాసింది.

పెద్దసారు వాటిని వెలుతురులో తిప్పి చూసి, "ఇవి నీవేనా?" అన్నాడు. బెంగళూరు నా నోటిదాకా వచ్చింది. "కాదు సార్, ఆమెవి" అనేశాను. నిజాయితీ అనుకునేరు, కాదు. ఆమె దానం చేసిన బెంగళూరుకు పోవడం కంటే పోకపోవడమే మేలనిపించింది. అసూయ నాచేత చేయించిన మంచిపని అదొక్కటే. ఆమె వెళ్లింది. నేను ఫ్యాను కింద మిగిలాను.

ఇప్పుడు తల నెరిసింది. బిడ్డ వేలు పట్టుకునే ముందు అరచేతులు రుద్దుకుంటాను, ఏడుపులు తగ్గాయి. మొన్న ఒక తల్లి "మీ చెయ్యి మెత్తన సార్" అంటే, ఆ మెప్పు ధర్మవరం చేతిదని గుర్తొచ్చి లోపల చురుక్కుమంది. తట్టు ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాదని ఇన్నేళ్లుగా తల్లులకు చెప్తున్నవాణ్ణి. ఈ కుళ్లేమో వచ్చిన చోటికే మళ్లీ వస్తోంది. నాలో నేనే నవ్వుకుని, తర్వాతి బిడ్డ కోసం చేతులు రుద్దుకున్నాను.