నీలం రంగు కొట్టిన లైట్‌హౌస్

సున్నం పిన్ని ఒకసారి కొండెక్కి తిట్ల దండకం ఎత్తుకుంటే, సముద్రం హడలిపోయి ఆమడ దూరం వెనక్కి పరుగెత్తింది. కావాలంటే తడి ఇసుకను అడగండి!

కొండమీది పాత లైట్‌హౌస్‌కు వెల్ల వేయడం ఆమె పని. దీపం ఏనాడో ఆరిపోయినా, ఆ తెల్లటి గోడనే గురిగా పెట్టుకుని పడవలు రాళ్ల మధ్యనుంచి ఒడ్డుకు వస్తాయి. ఆమె ఊళ్లో లేనప్పుడు, చూడవచ్చినవాళ్లు ఫోటోలు దిగుతారని అల్లుడు దానికి నీలం రంగు కొట్టించాడు. గోడ ఆకాశంలో కలిసిపోయింది. గురి తప్పి ఆమె తమ్ముడి పడవ రాతికి కొట్టుకుని ముక్కలైంది. అతను ఈదుకుంటూ ఒడ్డున పడ్డాడు.

పిన్ని సున్నం బకెట్‌తో వచ్చింది.

"అందంగా లేదా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"మీ అందం తగలెయ్య, అల్లుడుగారూ! మా తమ్ముడు పోయుంటే శవం పక్కన కూడా ఫోటో దిగేవారా? పట్టండి కుంచె!"

కోపంలోనూ ‘గారు’ వదల్లేదు. సముద్రంవైపు గోడ తెల్లబడేదాకా తిట్లూ ఆపలేదు. సముద్రం అప్పుడే జారుకుంది.

పిన్నిని అడిగితే మాత్రం, "సముద్రాన్ని నేనేమీ అన్లేదు. అది ఆటు వేళ, రోజూ పోయేదే. నేను తిట్టింది అల్లుణ్ని. ఆయనింకా వెనకవైపు గోడకు వెల్ల వెయ్యలేదు" అంది.