పేల పావడా కుట్టిన మనిషి

స్కార్వోయ్ దీవిలో గున్వోర్‌ని ఎరగనివాళ్లు లేరు. అంత మంచి మనిషని కాదు, అంత నోరున్న మనిషని. పాస్టరు గారినైనా సరే, బూట్లకి బురద ఉంటే గడపలోనే ఆపేసేది. పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లకి "పేలు చూసే పనిలో ఉన్నాను, ఇంకో మనిషి తల చూసే ఓపిక నాకు లేదు" అని చెప్పి పంపేసేది.

నిజంగానే పేల పని ఆమెది. సముద్రంలో గుండ్రటి పంజరాలు కట్టి సాల్మన్ చేపలు పెంచుతారు కదా, ఆ చేపలకి పేలు పడతాయి. మన తల పేలలాంటి చిన్నా చితకా సరుకు కాదవి. పట్టాయంటే పొలుసు గీకి, తోలు తిని, ఆఖరికి చేప నెత్తిమీద ఎముక బయటపడేదాకా వదలవు. హద్దు మీరి పట్టాయా, సర్కారు వాళ్లొచ్చి పంజరం మొత్తం ఖాళీ చేయిస్తారు. అందుకే ఆ దీవిలో జనం కాఫీ దగ్గర కూర్చుంటే వాన సంగతి తర్వాత, ముందు పేల సంగతే.

పేల పిల్లలు నీటి పైపొరలోనే కొట్టుకొస్తాయి. వాటిని ఆపడానికి పంజరం చుట్టూ, వలకి బయట, నీళ్లలోకి లోతుగా వేలాడేలా మందపాటి తార్పాలిన్ చుడతారు. అందరూ దాన్ని పావడా అంటారు. చుట్టడం పడవ పని. చుట్టాక రెండు అంచులూ ఒకదానిమీద ఒకటి వేసి తాడుతో కుట్టేయాలి. ఆ కుట్టు గున్వోర్‌ది. హెర్రింగ్ చేపల వలలు బాగుచేసే తండ్రి ఒళ్లో కూర్చుని నేర్చుకున్న చెయ్యి. ఆమె వేసిన ముడి విప్పడం ఎవరి తరమూ కాదు, కత్తి తెచ్చుకోవలసిందే. ఆ మాట ఎవరైనా అంటే పైకి విసుక్కునేది గానీ లోపల భలే పొంగిపోయేది.

పడవ నడిపేవాడు ఐలర్ట్, ఆమె తమ్ముడు. తల్లి తొందరగా పోతే వాణ్ని పెంచింది గున్వోరే. మీసాలు నెరిసినా వాడు ఆమెకి పిల్లాడే. వాడికి పెళ్లయి తోర్దిస్ వచ్చాక కూడా రోజూ పొద్దున్నే రొట్టె మీద గోధుమరంగు జున్ను పరిచి, కాగితంలో చుట్టి తెచ్చేది. తోర్దిస్ మూతి తిప్పుకునేది. "నేనేమన్నా వాణ్ని పస్తు పెడుతున్నానా?" అనేది. అయినా ఆ పొట్లం ఆగలేదు.

ఆగస్టు నెల. దక్షిణం నుంచి వెచ్చటి నీరు తిరిగింది, బయటి పంజరాల్లో పేలు విపరీతంగా ఉన్నాయని కబురొచ్చింది. గాలివానకి మూడో పంజరం పావడా చిరిగిపోయి ఉంది. ఆ రోజే కొత్తది కట్టేయాలని పంజరాల పెద్ద స్టైనార్ తొందర పెట్టాడు. గాలి లేస్తోంది. ఐలర్ట్ తాళ్లు లాగడానికి అడ్డొస్తోందని, నీళ్లలో పడితే మునగకుండా తేల్చే కోటు విప్పి పడవలో పడేశాడు. అక్కడ మగాళ్లంతా చేసే వెధవ పనే అది.

"అక్కా, నీ పావడా మన దీవంత ఉంది. ఎవరు కట్టుకుంటారే దీన్ని?" అని అరిచాడు పడవలోంచి.

"నీ పెళ్లాం కట్టుకుంటుంది. నోరు మూసుకుని తాడు లాగు."

వాడు పకపకా నవ్వాడు. తమ్ముడితో ఆమె అన్న చివరి మాట అదే.

పావడా చుట్టు తిరిగింది. గున్వోర్ పంజరం చుట్టూ తేలే చట్రం మీద మోకాళ్లమీద కూర్చుని, పడవకి వీపు పెట్టి, కుట్టు మొదలుపెట్టింది. రెండు అంచుల మధ్యా ఇంకా మనిషి పట్టేంత సందు ఉంది, దాంట్లోకి నీరు గలగలా లాగుతోంది. వెనకాల పడవ ఇంజను ఆగింది. తల తిప్పి చూస్తే పడవ చట్రానికి ఆనుకుని ఖాళీగా ఉంది. "కాఫీకి పోయాడు దొంగ వెధవ. నడుం విరిగే పని నాకొదిలేసి" అనుకుంది. ఆ కోపంలో అంచులు దగ్గరికి లాగి, చివరి ముడి మామూలుకంటే గట్టిగా బిగించింది.

కాఫీ గదిలోకి వెళ్లేసరికి స్టైనార్ ఒక్కడే ఉన్నాడు. "ఐలర్ట్ ఏడీ?" అన్నాడు.

"అదేంటి, ఇక్కడికి రాలేదా?"

ఆ తర్వాత హెలికాప్టరు వచ్చింది. తీర రక్షణ పడవలొచ్చాయి. మునిగి వెదికేవాళ్లు వల లోపల చూశారు, పంజరం కింద చూశారు, సముద్రం అడుగున చూశారు. కొన్నాళ్లకి వెదుకులాట ఆపేశారు. చర్చిలో ప్రార్థన పెట్టించుకోమని పాస్టరు గారు అంటే తోర్దిస్ ససేమిరా అంది. "ఖాళీ పెట్టె ముందు నిలబడి ఏడవమంటారా? ఆయన్ని తెచ్చివ్వండి, అప్పుడు ఏడుస్తాను." గున్వోర్‌కీ అదే దిగులు. సముద్రంలో పోయి మట్టి దక్కనివాడు దయ్యమై సగం విరిగిన పడవలో తెడ్డు వేసుకుంటూ తిరుగుతాడని చిన్నప్పుడు విన్నది. నమ్మలేదు ఎప్పుడూ. ఇప్పుడు సాయంత్రమైతే కిటికీ తెర వేసేస్తోంది. వాణ్ని అమ్మ పక్కన పడుకోబెడితే చాలు, ఇంకేమీ వద్దు అని పొయ్యి ముందు కూర్చుని పైకే అనేది.

పేలు మాత్రం ఎవరి దుఃఖం కోసమూ ఆగవు కాబట్టి పనికి వచ్చింది. మూడో పంజరంలో చేపల్ని పట్టి, మత్తునీళ్ల తొట్టిలో వేసి, పేలు చూస్తుండగా ఒకటి గమనించింది. సాల్మన్లు ఎప్పుడూ గుండ్రంగా, వల పక్కనే రాసుకుంటూ తిరుగుతాయి. ఇవి మాత్రం కుట్టు ఉన్నచోటికి రాగానే లోపలికి వంగి, ఆ మేర ఖాళీ వదిలి, మళ్లీ వల పక్కకి చేరుతున్నాయి. వేలకి వేల చేపలు, ఒక్కటి కూడా అటు పోవడం లేదు. మర్నాడూ చూసింది. అంతే.

"స్టైనార్, ఒకసారి ఆ పావడా విప్పుదాం" అంది.

"మతి గానీ పోయిందా? బయట నీళ్లన్నీ పేలే. విప్పామంటే పంజరం పోయినట్టే. నీటి లాగుడు అలా ఉంది, అందుకే చేపలు వంగుతున్నాయి."

ఎంతటివాడితోనైనా కయ్యానికి దిగే మనిషి, ఆ ఒక్కసారి తల వంచుకుని వచ్చేసింది. భయమేసింది ఆమెకి. దేనికో తనకి తనే చెప్పుకోలేదు.

ఆ వారంలోనే తోర్దిస్ బుట్టలో కోడిపుంజుని పెట్టుకుని రేవుకి వచ్చింది. మునిగిపోయినవాడు ఉన్నచోట పడవలోని పుంజు కూస్తుందని పాతవాళ్ల నమ్మకం. రేవులో మగాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు.

"పులుసులోకా తోర్దిస్?"

"నీ నాలుకే పెడతాను పులుసులో" అంది గున్వోర్, మరదలి పక్కన పడవలో కూర్చుంటూ. తెడ్లు తనే అందుకుంది.

ఆ పుంజు ఊరికే కూసే రకం. రేవు వదలకముందే కూసింది. సీగల్ పక్షి కనిపిస్తే కూసింది. మొదటి పంజరం దగ్గర, రెండో పంజరం దగ్గర, చట్రం మీద నిలబడ్డ స్టైనార్‌ని చూసి కూడా గొంతు చించుకుంది. తోర్దిస్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మూడో పంజరం చుట్టి కుట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మూసుకుని, మెడ ఈకల్లోకి లాక్కుని, బుట్ట అడుక్కి ముడుచుకుపోయింది.

"ఇక్కడ లేడు. కూయలేదుగా. పోనీ పడవ" అంది తోర్దిస్.

గున్వోర్ కదల్లేదు. ఎదురుగా తను వేసిన ముడి ఉంది. ఆ రోజు నీరు ఎటు లాగిందో, సందు ఎటు తెరుచుకుని ఉందో, ఇంజను ఎక్కడ ఆగిందో అన్నీ ఒక్కసారి కళ్లముందు నిలబడ్డాయి. మగవాళ్లంతా వల లోపల చూశారు, కింద చూశారు. వలకీ పావడాకీ మధ్య ఎవరూ చూడలేదు, అది కుట్టేసి ఉంది కనక.

"తోర్దిస్, నువ్వు కాస్త అటు తిరిగి కూర్చో" అని కత్తి తీసింది.

"ఏయ్ గున్వోర్! ఏం చేస్తున్నావ్? పేలు లోపలికి వచ్చేస్తాయే!" చట్రం మీంచి స్టైనార్ కేక.

"రానీ!"

కుట్టంతా పైనుంచి కిందికి కోసింది. తార్పాలిన్ బరువుగా పక్కకి వాలింది. అడుగున ఎక్కడో కొక్కేనికి పట్టుకున్న బెల్టు వదులై, కాసేపటికి తోర్దిస్ అల్లిన నీలం స్వెట్టరు పైకి తేలింది. తోర్దిస్ అటు తిరగలేదు. ముందే చూసేసింది. పడవ ఒరుగుతున్నా లెక్కచెయ్యకుండా వంగి, స్వెట్టరు రెండు చేతులా పట్టుకుంది.

"నేనే కుట్టాను. వాడు లోపల ఉండగా నేనే కుట్టేశాను తోర్దిస్" అంది గున్వోర్.

తోర్దిస్ స్వెట్టరుని ఇంకా దగ్గరికి లాక్కుంది. చట్రానికి తల కొట్టుకుని స్పృహ తప్పి ఉంటాడని, బహుశా ఏమీ తెలిసి ఉండదని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ 'బహుశా' గున్వోర్‌ని పట్టుకుని మళ్లీ వదల్లేదు. ఐలర్ట్‌ని తల్లి పక్కనే మట్టిచేశారు. చర్చిలో తోర్దిస్ గున్వోర్‌ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు బల్లమీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది గానీ, ఆమె మొహంలోకి చూడలేదు.

పేలు పడ్డాయి. మూడో పంజరం ఖాళీ చేయించారు. వసంతంలో కొత్త చేపలు వచ్చినప్పుడు స్టైనార్ ఆమె ఎదుట నిలబడి, బూట్లకేసి చూసుకుంటూ, "కుట్టు ఇంకెవరికైనా చెబుతాలే" అన్నాడు.

"ఎవరికి చెబుతావ్? నా చేతికి ఇయ్యి తాడు."

కుట్టింది. చివరి ముడి దగ్గర ఆగి, ఇంజన్లన్నీ ఆపించి, సందులో తల పెట్టి, "ఐలర్ట్!" అని పిలిచింది. చాలాసేపు అలాగే వంగి ఉండి, తర్వాత ముడి వేసింది.

ఇప్పుడు ఆ తీరం పొడుగునా పావడా కుట్టేవాళ్లందరూ చివరి ముడికి ముందు ఇంజను ఆపి ఆ పేరు పిలుస్తారు. వాళ్లలో చాలామంది ఐలర్ట్‌ని చూసి ఎరగరు, పనిలో అదొక భాగమనుకుంటారు. పిలిచి, వెంటనే ముడి బిగిస్తారు. గున్వోర్ మాత్రం పిలిచాక జవాబు కోసం ఆగుతుంది.