వరప్రసాదరావు చేతివాసి

తుమ్మపాల దాపునున్న ఆ ఊరికి తొలి జెర్సీ ఆవును తోలుకొచ్చింది వరప్రసాదరావే. పాల కేంద్రం తెప్పించి దానికి ప్రెసిడెంటయిందీ, అనకాపల్లి పాలపోటీలో మొదటి బహుమతి కొట్టిందీ ఆయనే. చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అయితేనేం, చర్చిలో సంఘపెద్దగా లేచి నిలబడితే పట్నం పాస్టరు కూడా ఆగి వినేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన కుడిచెయ్యి ఒక ఎత్తు. ఈనిన ఆవుకి మాయ పడకపోతే, మోచేతి దాకా ఆముదం పట్టించి, లోపలికి చెయ్యి పోనిచ్చి, పిసరు మిగలకుండా తీసేవాడు. ఆయన చేతివాసి మంచిదని ఊరంతా చెప్పుకునేది. ఎవరి పశువుల సాలలోకి పిలిచినా కాదనేవాడు కాదు.

రెండువేల ఆరు వానల్లో ఆయన సొంత ఆవు రాణి ఏడో నెలలోనే ఈసుకుపోయింది. చచ్చిన దూడ పడింది, మాయ పడలేదు. ఎప్పటిలాగే తీశాడు. ఆ వారంలోనే, వరసకి అల్లుడయ్యే పోతురాజు వాళ్ల పెద్దావుకీ తీశాడు. తర్వాత ఆయనకి జ్వరం పట్టుకుంది. సాయంత్రమైతే కాగిపోవడం, తెల్లారితే చెమటలు, కీళ్లలో సలుపు. మలేరియా మాత్రలకి లొంగలేదు.

పశువుల డాక్టరమ్మకి అనుమానమొచ్చి ఆయన రక్తం, రాణి రక్తం పరీక్షకి పంపించింది. క్రిస్మస్ ముందు విషయం చెప్పింది.

"ఇద్దరికీ ఒకటే రోగం, ఆవు మాయలోంచి చేతికి అంటేది. మీకు మందుంది, ఆవుకి లేదు. విడిగా కట్టండి. ఎవరికీ అమ్మకండి. పాలు బాగా మరిగాకే తాగాలి. రాణి తర్వాత ఇంకే ఆవుకైనా చెయ్యి పెట్టారా?"

"లేదమ్మా."

ఆ ఒక్క మాటతో ఆయన తన చుట్టూ తానే కంచె వేసుకున్నాడు. రాణిని అమ్మితే మరో ఊరికి రోగం. ఉంచితే పక్కనున్న పెయ్యలకి భయం. నోరు విప్పితే ఊరి పాలు కేంద్రంలో పోయించుకోరు, ఆయన మొహం ఎవరూ చూడరు. ఎవరు పిలిచినా జ్వరమని చెప్పమని భార్య స్వర్ణకుమారికి అప్పజెప్పి, గుమ్మం దాటడం మానేశాడు.

ఒక ఉదయం పోతురాజు నేరుగా వసారాలోకి వచ్చేశాడు.

"మావా, మా సిన్నావుకి మాయ పడలేదు. లెగు."

"ఒంట్లో బాగోలేదురా. డాక్టరమ్మని తెచ్చుకో."

"ఆవిడొచ్చేసరికి పొద్దోతాది. ఏటి మావా, పెసిడెంటువయ్యేక మా సాల కంపు కొడతందేటి?"

"జొరంరా నాయనా" అంది స్వర్ణకుమారి గుమ్మంలోంచి.

"జొరం మావకి గానీ ఆయన సేతికి కాదు గదత్తా."

ఆ మాటకి ఆయనకి నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే. "దూడెలాగుంది?" అన్నాడు.

"దక్కలేదు. నెలలు నిండకుండా ఈనీసింది."

రోగం అక్కడికి వెళ్లిపోయింది. ఏ దారిన వెళ్లిందో అడగనక్కరలేదు.

"సర్లే, నువ్వు పడుకో" అని పోతురాజు పైచొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు. "నువ్వు తీత్తుంటే సూసేను గదా. నేనే సెయ్యెట్టెత్తాను. అత్తా, కూసింత ఆముదం ఉంటే ఇయ్యి."

స్వర్ణకుమారి భర్త వైపు చూసింది. ఆముదం కోసం కదల్లేదు.

"సెయ్యెట్టకురా" అన్నాడు వరప్రసాదరావు. "అది ఈసుకుపోయే రోగం. మా రాణికొచ్చింది. నాకూ వచ్చింది. మీ పెద్దావుకి తీసినప్పుడు నేను తెచ్చిందే అది."

పోతురాజు తన చేతుల వంక చూసుకున్నాడు.

"సచ్చిన దూడని ఈ సేతుల్తోనే మోసుకెల్లేను."

వరప్రసాదరావు నీళ్ల చెంబు కోసం లేవబోయాడు. "నువ్వొద్దులే" అని, పోతురాజు స్వర్ణకుమారి ముందుకి చేతులు చాపాడు. ఆవిడ నీళ్లు పోస్తుంటే మోచేతుల దాకా సబ్బు పెట్టి రుద్దాడు, మళ్లీ రుద్దాడు.

"మా ఇంటిది లోవలక్ష్మి నీళ్లోసుకునుంది, ఐదో నెల. రోజూ పాలు పితికేది అదే" అన్నాడు ఎటో చూస్తూ.

"దాన్ని సాలకి రానియ్యకు. ముందు డాక్టరమ్మకి ఫోను సెయ్యి, నా పేరే సెప్పు. ఎవులెవులివి తీసేనో అన్నీ ఆవిడికి సెప్పీత్తాను."

"ఆవిడికేటి, ముందు ఊరికి సెప్పాలి గదా" అని పోతురాజు మెట్లు దిగాడు. పాల కేంద్రం దగ్గర క్యాన్ల చప్పుడు మొదలైంది. అతను అటే నడిచాడు.