మూడుసార్లు రంగేసిన కారు

యుద్ధం నడిచినన్నాళ్లూ పెట్రోలు దొరక్క మా బాడుగ కారు గొడ్లచావిట్లో రాళ్ల మీద నిలబడే ఉంది. కోళ్లు దాని మీదే పడుకునేవి. యుద్ధం ముగిసి కూపన్ల మీద పెట్రోలు ఇవ్వడం మొదలయ్యేసరికి ఇంజను బాగానే ఉంది గాని, నల్లరంగు మాత్రం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ఆ కారు తప్ప మాకు వేరే ఆధారం లేదు. ఉన్న రెండెకరాలు వాన పడితే పండేవి, లేకపోతే లేదు.

అప్పుడే గురజాల వైపు నుంచి ఒక మునసబు గారు వచ్చి, కొడుకు పెళ్లి ఊరేగింపుకి కారు మాట్లాడుకున్నారు. "మా చుట్టాలంతా చూస్తారు. కారు నిగనిగలాడిందా, ఈ ఏడు మా పెళ్లిళ్లన్నిటికీ నీ కారే. లేదా, గుంటూరు నుంచి తెప్పించుకుంటాం" అని మా ఆయనతో ఖరాఖండీగా చెప్పి వెళ్లారు. పెళ్లికి నెల గడువుంది.

మా ఆయన కారును గుంటూరు షెడ్డుకు తోలుకుపోతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. నరసరావుపేటలో మా ఇంటికి దగ్గర్లోనే జట్కాలకు రంగులేసే సాయిబు ఉన్నాడు. "రంగు రంగే కదా, జట్కాకైతే ఏంది, కారుకైతే ఏంది?" అన్నాను. ఆ మాట నాదే. దాన్ని ఇంకొకరి మీదకు తోయలేను.

సాయిబు కొట్టు పత్తి మిల్లు గోడ పక్కనే. మాఘమాసం, మిల్లు జోరుగా ఆడుతోంది. ఐదో రోజున కారు చూడటానికి వెళ్లాను. నల్లటి ఒంటి నిండా తెల్లటి నూగు. చెయ్యి పెడితే లేగదూడను నిమిరినట్టుంది.

"ఏంది సాయిబూ ఇది? కారుకి వెంట్రుకలు మొలిచినయ్!"

"మిల్లు దూదమ్మా. గాలి ఇటు తిరిగింది."

"మిల్లు నిన్న కట్టారా నీ పక్కన?"

"జట్కా అయితే రంగేయంగానే కొట్టులోకి నెట్టేస్తానమ్మా. ఇది కొట్టులో పట్టలా. నేనేం చేసేది?"

పట్టదని ముందే చూసుకోవద్దా అని నేను, కారు ఇంత పెద్దదని ముందే చెప్పొద్దా అని అతను, చానాసేపు అరుచుకున్నాం. మళ్లీ నాలుగు రోజులు ఉప్పుకాగితంతో రుద్దాడు. నేను రోజూ పొద్దున్నే వెళ్లి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేదాన్ని. అతను రుద్దడం కన్నా నేను చూడటమే నాకు ఎక్కువ అలసటగా ఉండేది.

మిల్లుకు సెలవు రోజు చూసుకుని రెండోసారి రంగేశాడు. తలుపుల అంచులకు కూడా ఎక్కడా వదలకుండా పూశాడు. లోపల సీట్ల మీద దుమ్ము పడకూడదని నాలుగు తలుపులూ గట్టిగా మూశాడు. నేను పక్కనే ఉన్నాను, నాకూ ఏమీ తట్టలేదు. మూడు రోజుల తర్వాత మా ఆయన వచ్చి తలుపు లాగితే రాలేదు. రెండోదీ రాలేదు. తడి రంగు బంక పట్టి నాలుగూ అతుక్కుపోయాయి. సందులో కొడవలి దూర్చి విడదీస్తే రంగు అరటిపట్టలా చీలికలుగా ఊడి వచ్చింది.

"తడి మీద తలుపులు మూస్తారా ఎవరన్నా?" అన్నాను.

"నేనేసే బళ్లకి తలుపులుంటయ్యా అమ్మా?" అన్నాడు సాయిబు.

నిజమే. జట్కాకు తలుపులెక్కడివి? మా ఆయన సాయిబు వంక చూడనే లేదు. నా వంకే చూశాడు. "ఏమే, రంగు రంగే కదా?" అన్నాడు.

పెళ్లి ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. గుంటూరు పోయే వ్యవధి లేదు. కారును మళ్లీ మా గొడ్లచావిట్లోకే తెచ్చాం. గొడ్లను బయట కట్టేశాను, నేల అలికాను, చుట్టూ నా పాతచీరలు తడిపి తెరలు కట్టాను. సాయిబు ఈసారి తలుపులు తీసిపెట్టి, పుల్లలు అడ్డం పెట్టి మరీ రంగేశాడు. అద్దంలా వచ్చింది. "నాలుగు రోజులు చీమను కూడా ఎక్కనీయొద్దమ్మా" అని చెప్పి వెళ్లాడు.

మూడో రోజు శుక్రవారం. ఆదివారం తెల్లవారేసరికి కారు కదలాలి. శుభకార్యానికి పోయే బండికి శుక్రవారం పసుపూ కుంకుమా పెట్టకుండా పంపితే నాకు ముద్ద దిగదు. పైకి చూస్తే ఆరినట్టే ఉంది. స్నానం చేసి, తడిపసుపు కలుపుకుని బానెట్టు మీద ఐదు బొట్లు పెట్టాను. రంగు మెత్తగా ఉంది, పసుపును లోపలికి పీల్చుకుంది. కంగారుపడి కొంగుతో తుడిచాను. బొట్లు పోలేదు సరికదా, అరచేతి మేర పసుపు మరక పరుచుకుని, దాని మీద నా చీర నేత అచ్చు పడింది.

మధ్యాహ్నం సాయిబు చూడటానికి వచ్చాడు. నాకు తిట్టడానికి నోరు లేదు. అతను ఒంగి చూసి, వేలు పెట్టబోయి ఆగాడు.

"దూదంటే ఊడొచ్చిందమ్మా. ఈ పసుపు రాదు."

"తెలుసులే."

"మళ్లీ గీకి వేసేదా?"

"ఎప్పుడు ఆరిద్ది? వద్దు, ఇంక నా వల్ల కాదు" అని అరుగు మీద కూలబడ్డాను. అతను కూడా వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. ఇద్దరికీ మజ్జిగ తెచ్చాను.

బానెట్టు మీద మామిడాకులూ బంతిపూలూ కప్పి మా ఆయన కారు తోలుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను, దండ జారకుండా చూసుకోవడానికి. విడిదిలో దిగీ దిగగానే మునసబు గారి ఇంటి ఆడవాళ్లు పళ్లెంతో వచ్చి, దండ పక్కకి జరిపి, నా మరక మీదే గుప్పెడు పసుపు పూసి కుంకుమ దిద్దారు. వాళ్ల పసుపులో నాది కలిసిపోయింది. ఊరేగింపు సాగింది. మునసబు గారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి వేసి చూసి, తమ్ముడి కూతురి పెళ్లికి కూడా రమ్మన్నారు.

మర్నాడు ఇంటికి వచ్చి కారు కడిగాను. వాళ్లు పూసిందంతా నీళ్లతో పోయింది. నాది మాత్రం అలాగే ఉంది.