డొక్కు ఫోన్ల మాస్టారు

మా స్కూల్లో సంగీతం చెప్పే మాస్టారికి మంచి వస్తువు పడదు. కొందరికి దుమ్ము పడనట్టు ఆయనకి కొత్త ఫోను పడదు. తెర పగిలి ఉండాలి, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉండాలి. అలాంటిది కనబడితే చాలు, ముఖం చాటంత అవుతుంది. పిల్లలు ఆయనకి డొక్కు మాస్టారని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆయన పలుకుతారు కూడా.

నేను లెక్కలు చెబుతాను. స్టాఫ్ రూములో మావి పక్కపక్క కుర్చీలు. అందుకని ఆయన అడుక్కోవడం నా దగ్గరే మొదలయ్యేది.

"టీచర్ గారూ, మీ ఇంట్లో పాత ఫోనేమైనా పడి ఉందా?"

పాపం కదా అని మావారి పాత ఫోను తెచ్చిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, నొచ్చుకుంటూ తిరిగి నా చేతిలో పెట్టారు.

"ఇది మరీ బాగుందండీ. పనికిరాదు."

ఊరికే ఇచ్చినదానికి వంక పెట్టిన మనిషిని నేను అదే చూడటం. ఆఖరికి మా అత్తగారు బకెట్లో పడేసుకున్న ఫోను ఆయనకి నచ్చింది. అందులో అవతలివాళ్లు చెప్పేది మనకి వినబడుతుంది, మనం అనేది వాళ్లకి చేరదు. మా అత్తగారికి సరిగ్గా తిరగేసిన రకం.

ఆ డొక్కుల్లో ఆయన వేసేవన్నీ ఉచితంగా దొరికే యాప్‌లే. ఒకటి ఆగకుండా శ్రుతి వినిపిస్తుంది. ఒకటి తాళం కొడుతుంది. ఇంకొకదాని ముందు పాడితే ముల్లు ఊగుతూ, స్వరం ఎక్కువైందో తగ్గిందో చూపిస్తుంది. ఉచితం కాబట్టి ప్రకటనలూ తప్పవు. పిల్లలంతా కళ్లు మూసుకుని స్వరం పట్టుకున్న సమయానికి శ్రుతి ఆగిపోయి, ఎవరో ఒకావిడ బట్టల సబ్బు గురించి గొంతు చించుకునేది.

"ఆపకండర్రా," అనేవారు మాస్టారు. "ఆవిడ వెళ్లేదాకా శ్రుతి మీ దగ్గరే ఉంచండి."

సబ్బావిడ వెళ్లి మళ్లీ శ్రుతి వినబడేసరికి పిల్లలు ఉండాల్సిన చోటే ఉండేవారు. అది ఒప్పుకుని తీరాలి. పక్క గదిలో భిన్నాలు చెప్పుకునే నా ప్రాణం మాత్రం తోడేసేవారు.

ఈ ఏడు మా ప్రిన్సిపాల్ కన్ను సంగీతం గది మీద పడింది. పక్క స్కూల్లో పియానో ఉందట, మన దగ్గర ముష్టి ఫోన్లున్నాయని ఆయనకి నామోషీ. పిల్లలు ఎలా పాడుతున్నారో ఒక్కనాడూ వచ్చి విన్న పాపాన పోలేదు. ఒక దాత వస్తున్నాడని, ఆయన మెచ్చితే సంగీతమూ మాస్టారూ ఉంటారని, లేకపోతే ఆ గది పోటీ పరీక్షల కోచింగ్‌కి పోతుందని మీటింగులో తేల్చి చెప్పాడు.

"ఆ ఒక్క పూటా కాస్త లౌక్యంగా ఉండండి మాస్టారూ," అని బతిమాలాను.

"నాదేముందండీ, పాడేది పిల్లలు."

పిల్లలు బ్రహ్మాండంగా పాడారు. దాత కరిగిపోయాడు. కారులోంచి తళతళలాడే పెద్ద టాబ్లెట్ తెప్పించాడు. అందులో ఖరీదైన సంగీతం యాప్ వేసి ఉంది. ఫొటోగ్రాఫర్ సిద్ధంగా నిలబడ్డాడు.

"ఇకమీదట పాఠాలన్నీ ఇందులోనే చెప్పాలి," అన్నాడు దాత.

మాస్టారు అందుకున్నారు. అటూ ఇటూ తిప్పారు. వద్దు వద్దని నేను వెనకనుంచి సైగ చేశాను.

"ఇది మరీ బాగుందండీ. పనికిరాదు."

వేళాకోళమనుకుని దాత నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి ప్రిన్సిపాల్ ఇంకా గట్టిగా నవ్వాడు. మాస్టారు టాబ్లెట్‌ని జాగ్రత్తగా దాత ఒళ్లో పెట్టేశాక ఎవరూ నవ్వలేదు.

వారం తిరక్కుండా సంగీతాన్ని ఎత్తేశారు. స్టాఫ్ రూములో ఒక్కరు నోరెత్తితే ఒట్టు. నేను వెళ్లి అడిగినందుకు ప్రిన్సిపాల్ నాకు అదనపు పీరియడ్లు అంటగట్టాడు. ఆ మంట మాస్టారి మీద చూపించాను.

"పుచ్చుకుని బీరువాలో పడేస్తే మీ సొమ్మేం పోయింది?"

"పడేయనిస్తారా? దాంట్లోనే చెప్పమంటారు కదండీ," అన్నారు, సంచి సర్దుకుంటూ.

"చెబితే ఏం?"

నా మొహం చూసి చిన్నగా నవ్వి, వెళ్లొస్తానన్నారు. అంత మొండి మనిషి ఎలా పోతే నాకేమిటనుకున్నాను. అనుకున్నానే గానీ ఆ ఖాళీ కుర్చీ చూస్తే కడుపు మండేది.

తల్లిదండ్రుల మీటింగు నాడు, కుట్టుపని చేసుకునే ఒకావిడ ప్రిన్సిపాల్ గదిలోకి విసురుగా వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"సంగీతం తీసేశామన్నారు. మరి మా పిల్ల నా ఫోను వదలదేంటండీ? సాయంత్రమైతే చాలు, దాని ముందు కూర్చుని పాటే పాట."

"స్కూల్లో సంగీతమే లేదు కదమ్మా."

"స్కూల్లో లేదు. మా వీధిలో ఇంటింటా ఉంది. మాస్టారు బడిలో చేరిన మొదట్లోనే వచ్చి మా ఫోన్లన్నీ చూసుకుని వెళ్లారు. మీ ఇంటి ఫోన్లో నడిచేదాంతోనే బడిలో చెబుతానమ్మా, లేకపోతే పిల్ల ఇంటికొచ్చి దేంతో పాడుకుంటుంది అన్నారు."

ఇంతకీ ఆ మహానుభావుడు వెతుక్కుంటూ తిరిగింది ఈవిడ ఫోనులాంటి ఫోన్లనన్నమాట. ఆ ముక్క నాతో అనలేదని ఒళ్లు మండింది, ఆయన మీద చెప్పలేనంత ప్రేమా పుట్టింది.

"ఆయన్ని పంపించేశాం. ఇంకేం చేయమంటారు?" అని విసుక్కున్నాడు ప్రిన్సిపాల్.

"మళ్లీ పిలిపించండి. పిల్లలు మా మాట వినట్లేదు. చాలు, ఆపండని ఆయనే వచ్చి చెప్పాలి," అని ఆవిడ కుర్చీ లాక్కుని స్థిరంగా కూర్చుంది. "ఆయన వచ్చేదాకా నేను కదలను. బయట ఉన్నవాళ్లూ కదలరు."

ప్రిన్సిపాల్ లేచి తలుపు తీసి చూశాడు. వరండా నిండా తల్లులే.